మతిమరుపు, బీ12, బలం బిళ్ళలు: అరవై దాటిన ఆడవాళ్ళ కోసం ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో అరవై దాటిన అమ్మలున్నారు, వాళ్ళని వెంటబెట్టుకొచ్చిన కూతుళ్ళూ కోడళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా చెప్తాను.

మందుల షాపుకెళ్ళి "మా అమ్మకి ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది, ఏదన్నా బలం బిళ్ళ ఇవ్వండి" అని అడిగితే ఒక స్ట్రిప్పు చేతిలో పెడతారు. ముందు ఆ స్ట్రిప్పుని వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదువుదాం. మిథైల్‌కొబాలమిన్ అంటే బీ12, 1500 మైక్రోగ్రాములు, ఆల్ఫా లిపోయిక్ ఆసిడ్ 100 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆసిడ్ 1.5 మిల్లీగ్రాములు, పిరిడాక్సిన్ అంటే బీ6, 3 మిల్లీగ్రాములు. కంపెనీ మారితే అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ చాలా స్ట్రిప్పుల్లో సరుకు దాదాపు ఇదే. ఇదే బిళ్ళ ఒకావిడని మళ్ళీ మనిషిని చేస్తుంది. పక్కింటావిడ ఏడాదిపాటు వేసుకున్నా రవ్వంత తేడా కనబడదు. మొదటావిడ ఒంట్లో బీ12 లోటుంది, రెండో ఆవిడకి లేదు. విటమిన్ లోటుని పూడుస్తుంది. నిండిన కుండలో ఎన్ని నీళ్ళు పోసినా పక్కకి పోవాల్సిందే. బీ కాంప్లెక్స్ వేసుకున్నాక మూత్రం చిక్కటి పసుప్పచ్చగా రావడం చూసే ఉంటారు, అది ఒంటికి అక్కర్లేక బయటికి పోతున్న రైబోఫ్లేవిన్, అంటే బీ2. దాంతో భయమేమీ లేదు గానీ, లోపల ఏం జరుగుతోందో చెబుతుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. అమెరికాలో ఆడవాళ్ళ మీదే ప్రత్యేకంగా పెద్ద పరిశోధనలు చేశారు. విమెన్స్ హెల్త్ స్టడీ అని, దాదాపు 40 వేల మంది. సగం మందికి రోజు విడిచి రోజు 600 యూనిట్ల విటమిన్ ఈ, మిగతా సగానికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి బిళ్ళ. వాళ్ళలో 65 దాటిన 6,377 మందికి కొన్నేళ్ళపాటు ఫోన్ చేసి, మాటల జాబితా చదివి వినిపించి, తిరిగి చెప్పమని జ్ఞాపకశక్తి కొలిచారు. 2006లో ఫలితం వచ్చింది: రెండు జట్లకీ తేడా లేదు. గుండెజబ్బు ఉన్న, లేదా వచ్చే ముప్పున్న ఆడవాళ్ళకి విటమిన్ సీ, ఈ, ఒంట్లో విటమిన్ ఏగా మారే బీటా కెరోటిన్ ఇచ్చి చూసిన ఇంకో పరిశోధన 2009లో ఇంచుమించు అదే చెప్పింది. రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 400 యూనిట్ల విటమిన్ డీ ఇచ్చి నాలుగు వేల మందికి పైగా ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించినా డిమెన్షియా, అంటే మతి బాగా దెబ్బతినే జబ్బు, ఏమీ తగ్గలేదని 2012లో తేలింది.

అమెరికా ఆడవాళ్ళ మీదే జరిగిన బీ విటమిన్ల పరిశోధన మాత్రం కాస్త ఆగి చూడాలి. అందులో రోజూ ఫోలిక్ ఆసిడ్ 2.5 మిల్లీగ్రాములు, బీ6 50, బీ12 ఒక మిల్లీగ్రాము ఇచ్చారు. జ్ఞాపకశక్తి కొలిచిన 65 ఏళ్ళు దాటినవాళ్ళు రెండు వేల పైచిలుకు. మొత్తం మీద ఫలితం సున్నా. కానీ మొదలుపెట్టేనాటికి తిండిలో బీ విటమిన్లు తక్కువగా అందుతున్నవాళ్ళని విడదీసి చూస్తే, వాళ్ళలో మతి తగ్గడం కొంచెం నెమ్మదించినట్టు కనబడింది. ఇంకో సంగతి కూడా ఉంది. అమెరికాలో 1998 నుంచి గోధుమపిండిలో ఫోలిక్ ఆసిడ్ కలపడం చట్టం చేశారు. అంటే ఆ ఆడవాళ్ళ కుండ అప్పటికే చాలావరకు నిండి ఉంది. అక్కడ ఫలితం లేదు కాబట్టి ఇక్కడా ఉండదని కొట్టిపారేయలేం.

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 2010లో ఇంకోలా చూశారు. అప్పటికే మతిమరుపు మొదలైన, 70 దాటిన ఆడా మగా ఇద్దరినీ తీసుకుని, రెండేళ్ళు బీ విటమిన్లు ఇచ్చి, మెదడు స్కాన్లు తీశారు. వయసుతో మెదడు కుంచించుకుపోవడం ఉత్తుత్తి బిళ్ళ జట్టులో ఏడాదికి 1.08 శాతం ఉంటే, విటమిన్ జట్టులో 0.76 శాతమే. రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం ఎక్కువగా ఉన్నవాళ్ళకే ఆ మేలు ఎక్కువ దక్కింది. బీ12, ఫోలేట్ (ఫోలిక్ ఆసిడ్) సరిపోనప్పుడు హోమోసిస్టీన్ పెరుగుతుంది. ఇక్కడా లోటున్నచోటే బిళ్ళ పనిచేసింది.

మల్టీవిటమిన్ గురించి ఈ మధ్య పేపర్లలో పెద్దగా వచ్చింది కాబట్టి దాని మాటా చెప్పాలి. కాస్మోస్ అనే పరిశోధనలో 65 దాటిన ఆడవాళ్ళు, 60 దాటిన మగవాళ్ళు పాల్గొన్నారు. 2023లో వచ్చిన ఒక భాగంలో ఇరవై మాటల జాబితా చూపించి ఎన్ని గుర్తున్నాయో అడిగారు. ఏడాది తర్వాత మల్టీవిటమిన్ జట్టు ఉత్తుత్తి జట్టు కంటే సగటున పావు మాట కంటే కాస్త ఎక్కువ గుర్తుపెట్టుకుంది. మేలు నిజమే, కాదనను. అయితే అది ఇరవై మాటల్లో పావు మాట. డిమెన్షియా రాకుండా ఆపుతుందని ఆ పరిశోధన నిరూపించలేదు. రోజూ మామూలు మోతాదు మల్టీవిటమిన్ ఒకటి వేసుకునే అమ్మని మానేయమని చెప్పను. దాన్ని నమ్ముకుని అసలు లోటుని వెతకడం మానేయడమే ప్రమాదం.

ఇక అసలు విషయానికి వద్దాం. మన ఇళ్ళలో పెద్దవయసు ఆడవాళ్ళ మతికి సంబంధించినంతవరకు ముందు వెతకాల్సిన లోటు బీ12. ఇది మొక్కల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం, ఇంతే. ఇడ్లీ పిండి పులిస్తే, చద్దన్నం నానితే బీ12 పుడుతుందని చెప్పుకుంటారు గానీ నమ్ముకోదగినంత రాదు. పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సింది సుమారు 2.2 మైక్రోగ్రాములు. ఒక గుడ్డులో అర మైక్రోగ్రాము, అర లీటరు పాలలో రెండు మైక్రోగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఇప్పుడు లెక్క వేయండి. శాకాహారం తినే డెబ్భై ఏళ్ళ అమ్మ రోజుకి రెండు టీలు తాగుతుంది, కలిపి నూరు మిల్లీలీటర్ల పాలు. రాత్రి అన్నంలోకి పల్చటి మజ్జిగ. గడ్డపెరుగు మనవడి కంచంలోకి పోతుంది. ఆవిడకి దక్కేది సగమైనా ఉండదు. మాంసాహారం తినే ఇళ్ళలోనూ పళ్ళూడిపోయాక ముక్క నమలలేక పులుసు మాత్రమే కలుపుకునేవాళ్ళు, భర్త పోయాక నీసు మానేసినవాళ్ళు, వారానికి నాలుగు రోజులు ఒక్కపొద్దులుండేవాళ్ళు ఎందరో. కూతుళ్ళూ కోడళ్ళూ, ఈ లెక్క మీ ఇంట్లో ఒక్కసారి వేసి చూడండి.

తిన్నా ఒంటికి పట్టడం ఇంకో ఘట్టం. తిండిలో బీ12 మాంసకృత్తులకి అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి కడుపులో ఆమ్లం కావాలి. విడిపోయాక, జీర్ణాశయం గోడలో ఊరే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే పదార్థం దాన్ని చంకనేసుకుని చిన్నపేగు చివరిదాకా తీసుకుపోతేనే రక్తంలోకి చేరుతుంది. వయసుతో కడుపు గోడ పల్చబడి ఆమ్లం తగ్గుతుంది. దానికి తోడు పరగడుపున గ్యాస్ బిళ్ళ, అదే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి, ఏళ్ళ తరబడి వేసుకుంటే ఉన్న ఆమ్లం కూడా పోతుంది. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ చిన్నపేగు చివర పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది. షుగరు బిళ్ళ, గ్యాస్ బిళ్ళ రెండూ పదేళ్ళుగా వాడుతున్న శాకాహారి అమ్మ అంటే, బీ12 పరీక్ష ఇవాళే చేయించాల్సిన మనిషి. మెట్‌ఫార్మిన్ మానేయమని కాదు, దయచేసి అలా అర్థం చేసుకోకండి. దాన్ని వాడుతూనే బీ12 కూడా చూసుకోవాలి.

కాలేయంలో బీ12 నిల్వ ఏళ్ళకి సరిపడా ఉంటుంది. అందువల్ల లోటు మొదలైన వెంటనే ఏమీ తెలియదు, నాలుగైదేళ్ళకి బయటపడుతుంది. అదీ ముందు మతిలోనే కనబడాలని లేదు. అరికాళ్ళలో తిమ్మిర్లు, మంటలు, దూది మీద నడుస్తున్నట్టుండటం. నడుస్తుంటే కాలి చెప్పు జారి వెనక ఉండిపోయినా తెలియకపోవడం. కళ్ళు మూసుకుని మొహానికి సబ్బు రాసుకుంటూ తూలి, చెయ్యి గోడకి ఆనించడం. ఈ చివరిదాన్ని గుర్తుపెట్టుకోండి. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ చూపు ఆసరాగా నిలబడతారు, చూపు తీసేసేసరికి పాదాల నుంచి మెదడుకి కబురు అందక తూలతారు. నాలుక నున్నగా ఎర్రబడి కారం తగిలితే మండటం, చిరాకు, దేని మీదా మనసు లేకపోవడం, మాట కోసం తడుముకోవడం కూడా ఉంటాయి. షుగరున్న మనిషైతే కాళ్ళ మంటలన్నీ షుగరు ఖాతాలో వేసేస్తారు. అక్కడే ఆలస్యమవుతుంది.

పరీక్షల్లో జాగ్రత్తలు మూడు నాలుగున్నాయి. మొదటిది, బిళ్ళ గానీ సూది గానీ మొదలుపెట్టకముందే రక్తం ఇవ్వాలి. వారం రోజులు బిళ్ళలు వేసుకుని వెళ్తే అంకె చక్కగా వచ్చేస్తుంది, అసలు లోటుందో లేదో ఎప్పటికీ తెలియదు. రెండోది, హిమోగ్లోబిన్ బాగుంది కాబట్టి బీ12 బాగుంటుందనుకోకూడదు. రక్తం బాగుండి నరాలు మాత్రం దెబ్బతిన్నవాళ్ళుంటారు. బీ12 లోటులో ఎర్రకణాలు పెద్దవవుతాయి, ఇనుము లోటులో చిన్నవవుతాయి. మన ఆడవాళ్ళకి రెండూ కలిసి ఉండటం మామూలే కాబట్టి కణాల సైజు సగటు మామూలుగా కనబడి మోసం చేస్తుంది. మూడోది, అంకె చదవడం. 200 పికోగ్రాముల లోపు లోటు. 200 నుంచి 300 మధ్య అనుమానం, లక్షణాలుంటే వదిలేయకూడదు. కెనడా, ఆస్ట్రేలియాల్లో పిల్లల దగ్గరికెళ్ళి అక్కడ చేయించుకున్న రిపోర్టులో పికోమోల్స్ అని ఉంటుంది, దాన్ని 1.36తో హెచ్చిస్తే మన అంకె వస్తుంది. అక్కడి 150 అంటే ఇక్కడి 200 అన్నమాట.

అనుమానం తీరకపోతే హోమోసిస్టీన్ చూస్తారు. పదిహేను దాటితే ఎక్కువ. ఈ పరీక్షలో తరచుగా జరిగే పొరపాటు ల్యాబులో ఉంటుంది. రక్తం తీశాక గొట్టాన్ని బయట అలాగే వదిలేస్తే కణాల్లోంచి హోమోసిస్టీన్ ఊరుతూనే ఉంటుంది, అంకె ఉత్తినే పెరుగుతుంది. గొట్టాన్ని ఐసులో పెట్టి రక్తకణాలని వెంటనే వేరుచేసే చోట పరగడుపున ఇవ్వాలి. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే కుర్రాడు మూడిళ్ళు తిరిగి గంటన్నర తర్వాత ల్యాబుకి చేరితే ఆ అంకెకి విలువ లేదు. కిడ్నీ బాగోకపోయినా, థైరాయిడ్ తక్కువైనా కూడా హోమోసిస్టీన్ పెరుగుతుంది, కాబట్టి కిడ్నీకి క్రియాటినిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ పరీక్షలు కలిపి చూడాలి.

లోటు తేలింది. ఏం చేయాలి? నరాల లక్షణాలు, మతిమరుపు ఉంటే డాక్టర్లు సాధారణంగా సూదితోనే మొదలుపెడతారు. 1000 మైక్రోగ్రాములు కండకి, రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ ఒకటి రెండు వారాలు, ఆ తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి. ఎన్ని, ఎన్నాళ్ళు అనేది మీ డాక్టరు తేల్చాలి. బాగా తీవ్రమైన రక్తహీనత ఉంటే మొదటి రోజుల్లో పొటాషియం పడిపోయే ప్రమాదం ఉంది, వాళ్ళని దగ్గరుండి చూసుకోవాలి. సూది మందు ఎర్రగా ఉంటుంది, ఆంప్యూల్ ముదురు గోధుమరంగు గాజుతో ఉంటుంది. వెలుతురు తగిలితే మిథైల్‌కొబాలమిన్ చెడిపోతుంది కాబట్టి ఆ గాజు. ఇంట్లో కిటికీ గట్టు మీద ఎండ పడేచోట పెట్టకండి.

లోటు తక్కువగా ఉండి నరాల బాధ లేనివాళ్ళకి బిళ్ళ చాలు, రోజుకి 1000 మైక్రోగ్రాములు. కావాల్సింది రెండు మైక్రోగ్రాములైతే వెయ్యి ఎందుకని అడుగుతారు. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ ఒక్క విడతకి మోయగలిగేది రెండు మైక్రోగ్రాముల లోపే. అది లేకపోయినా పేగు గోడలోంచి దానంతటదే జారి లోపలికి పోయేది నూటికి ఒక వంతు. వెయ్యిలో నూటికి ఒక వంతు అంటే పది మైక్రోగ్రాములు, అవసరానికి నాలుగింతలు పైన. కడుపు గోడ పాడైనవాళ్ళకి కూడా బిళ్ళ పనిచేసే రహస్యం ఇదే. బీ12లో మిథైల్ రకం మంచిదా సయనో రకం మంచిదా అని ఖరీదు చూసి తర్జనభర్జన పడకండి, క్రమంగా వేసుకునేది ఏదైనా సరే పనిచేస్తుంది.

ఫోలిక్ ఆసిడ్ గురించి ఒక గట్టి హెచ్చరిక. బీ12 చూడకుండా 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆసిడ్ మాత్రమే నెలల తరబడి వేసుకుంటే రక్తహీనత తగ్గిపోతుంది, మొహం కళగా అవుతుంది, అందరూ సంతోషిస్తారు. లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. రక్తహీనతే మనకి వచ్చే మొదటి హెచ్చరిక అయితే, దాన్ని మనమే తుడిచేసినట్టవుతుంది. బీ6 కూడా అంతే. కొన్ని బిళ్ళల్లో 50, 100 మిల్లీగ్రాములు ఉంటుంది. అది ఏళ్ళ తరబడి వాడితే కాళ్ళకి తిమ్మిర్లు వస్తాయి. తిమ్మిర్లు తగ్గడానికి వేసుకున్న బిళ్ళే తిమ్మిర్లు తెస్తుంది, అప్పుడు ఇంకో బిళ్ళ ఎక్కువ వేసుకుంటారు. యూరప్‌లో పెద్దవాళ్ళకి బీ6 పరిమితిని 2023లో రోజుకి 12 మిల్లీగ్రాములకి తగ్గించారు. స్ట్రిప్పు వెనక పిరిడాక్సిన్ పక్కన అంకె చూసుకోండి.

విటమిన్ డీ దగ్గర జరిగే పొరపాటు ఇంకా ప్రమాదం. 60 వేల యూనిట్ల బిళ్ళో పొడో వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలని రాస్తారు. ఆదివారం ఆదివారం వేసుకోవాల్సినదాన్ని రోజూ వేసుకున్నవాళ్ళున్నారు. ఇక్కడ ఈ బిళ్ళ వేసుకుంటూనే, అమెరికా నుంచి కొడుకు సూట్‌కేసులో తెచ్చిన డబ్బాలోంచి రోజూ 5000 యూనిట్లు వేసుకునేవాళ్ళూ ఉన్నారు. డీ మితిమీరితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. విపరీతమైన దాహం, మలబద్ధకం, వాంతులు, ఆపైన మతి చెదిరిపోవడం, కిడ్నీ దెబ్బతినడం. మతి బాగుండాలని వేసుకున్నది మతినే తీసేస్తుంది. పొడి ప్యాకెట్లు వచ్చిన రోజే క్యాలెండర్‌లో ఎనిమిది ఆదివారాలకీ గుండ్రాలు చుట్టి, వేసుకున్నాక కొట్టేయండి.

విటమిన్ ఈ 400 క్యాప్సూల్ చర్మానికనీ జుట్టుకనీ కొనుక్కుంటారు. ఆస్పిరిన్, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందులు వాడేవాళ్ళు దాన్ని అడక్కుండా వేసుకోకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ తాగే పెద్దమ్మలున్నారు కదా, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేవాళ్ళు. పొగ తాగేవాళ్ళు బీటా కెరోటిన్ ఎక్కువ మోతాదు బిళ్ళలు అసలు తీసుకోకూడదు. ఫిన్లండ్‌లో పొగ తాగే మగవాళ్ళకి రోజుకి 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని 1994లో తేలింది. ములగాకు, క్యారెట్ తినడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

థైరాయిడ్ బిళ్ళ వేసుకునే అమ్మలు ఇది వినండి. పొద్దున్నే పరగడుపున థైరాక్సిన్, దాంతోపాటే ఇనుము, కాల్షియం, మల్టీవిటమిన్ అన్నీ ఒకే గ్లాసు నీళ్ళతో మింగేస్తుంటారు. ఇనుము, కాల్షియం థైరాక్సిన్‌ని పేగులోనే పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టనివ్వవు. టీఎస్‌హెచ్ పెరుగుతుంది, మనిషి మందగిస్తుంది, మతిమరుపు వస్తుంది. మధ్యలో నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆరింటికి థైరాక్సిన్ అయితే మిగతావి మధ్యాహ్నం భోజనంతో. ఇంకోటి, జుట్టు రాలకుండా వాడే బయోటిన్ 5, 10 మిల్లీగ్రాముల బిళ్ళలు చాలా ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్షని తప్పుగా చూపిస్తాయి. రక్తం ఇవ్వడానికి రెండు మూడు రోజుల ముందే ఆపాలి, ఆ సంగతి ల్యాబులో చెప్పాలి.

రేషన్ బియ్యం మాట చెప్పకుండా ముగించలేను. రేషన్‌లో ఇస్తూ వచ్చిన పోషకాలు కలిపిన బియ్యంలో కిలోకి పది గ్రాములు వేరే గింజలుంటాయి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆసిడ్, బీ12 కలిపి మళ్ళీ గింజలా ఒత్తినవి. కొంచెం తెల్లగా, నున్నగా, కడిగితే కొన్ని పైకి తేలతాయి. ప్లాస్టిక్ బియ్యమని చాటలో ఏరి పారేస్తున్నారు. ఏరకండి తల్లీ, పారేసేది అచ్చంగా ఆ విటమిన్లనే. అయితే కిలోకి ఉండే బీ12 ఒక మైక్రోగ్రాము చుట్టూ మాత్రమే. రోజుకి 300 గ్రాముల బియ్యం తింటే దక్కేది 0.3. మేలే గానీ, బీ12 పరీక్షలో 150 వచ్చిన మనిషికి అది మందు కాదు.

చికిత్స మొదలైన వారంలో కొత్త రక్తకణాలు పుడతాయి, రెండు నెలల్లో రక్తహీనత సర్దుకుంటుంది. తిమ్మిర్లు తగ్గడానికి నెలలు పడుతుంది, మొదట్లో కొందరికి కాస్త ఎక్కువవుతాయి కూడా, దానికి కంగారుపడి ఆపేయకండి. మతి మెరుగు మూడు నుంచి ఆరు నెలల్లో తెలుస్తుంది. లోటు ఏడాది లోపుదైతే ఎక్కువ తిరిగొస్తుంది, ఏళ్ళ నాటిదైతే కొంత మిగిలిపోతుంది. తిండి వల్ల వచ్చిన లోటైతే తిండి మారేదాకా, కడుపు గోడ వల్ల వచ్చినదైతే జన్మంతా బిళ్ళో సూదో కొనసాగాలి. బాగుందని ఆపేస్తే రెండు మూడేళ్ళకి మళ్ళీ మొదటికొస్తుంది.

ఆరు నెలలైనా మతిలో మార్పు లేకపోతే, లేదా మధ్యలోనే డబ్బు లెక్క తప్పడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, పోపు మాడిపోతున్నా గమనించకపోవడం కనబడితే, నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్ళండి. చీటీలు చాలవు, స్ట్రిప్పులు కావాలి. నిద్ర బిళ్ళ, దురదకీ జలుబుకీ వేసుకునే బిళ్ళ, మూత్రం ఆపుకోలేకపోతున్నామని వాడే బిళ్ళ, వీటిలో కొన్ని మతిని మందగింపజేస్తాయి. అవి సాధారణంగా చీటీలో ఉండవు, అలమరలో ఉంటాయి. చెవులు వినబడుతున్నాయో లేదో కూడా చూపించండి. అమ్మ జవాబు చెప్పకపోవడానికి కారణం మతిమరుపే కావాలని లేదు, అడిగింది వినబడకపోయి ఉండొచ్చు.